108 బండి – ఆరోగ్య నిధులు: ఒక పరిశీలన

నేను అద్దెకుంటున్న గది చాదర్‌ఘాట్‌లో, పెద్ద రోడ్డుకు రెండిళ్ల లోపల. మలక్‌పేట వైపు నుంచి వచ్చే అంబులెన్సులు మూసీ మీది వంతెన దాటి కొన్ని కోఠీ ప్రసూతి ఆసుపత్రికి, కొన్ని అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియాకు, పసిపిల్లలున్నవైతే ఇంకా ముందుకు, నాంపల్లి పక్కన రెడ్‌హిల్స్‌లో ఉన్న నీలోఫర్‌కు పోతాయి. పట్నానికి వచ్చిన కొత్తలో సైరన్ వినపడితే చదువుతున్న పుస్తకం మూసేసేవాణ్ని. ఇప్పుడు మూయడం లేదు. అలవాటైపోయింది. నా గదిమిత్రుడు మాత్రం ప్రతిసారీ ఒకే మాట అంటాడు: "అందుల సగం మందికి ఉత్త జరమే ఉంటది, ఫ్రీ బండి గదా!"

ఈ మాట వాడొక్కడిదే కాదు. పేపర్లలో, బస్సుల్లో, మన క్యాంటీన్‌లో కూడా విన్నదే. ఉచితమైతే జనం దుర్వినియోగం చేస్తారు, అవసరం లేనివాళ్లు ఫోన్ చేస్తారు, అవసరమున్నవాడు రోడ్డు మీద ప్రాణం వదులుతాడు అన్నది వాదన. దీనికి నేను చాలాకాలం జవాబు చెప్పలేదు. కారణం, అటువంటి ఫోన్ ఒకటి నేనే చేశాను.

మూడేళ్ల క్రితం సంగతి. నేను ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. నాట్ల రోజులు. మా నాయినమ్మ కాలికి పుండైంది. షుగర్ మనిషి, పుండు మానలేదు. వారానికి రెండుసార్లు కట్టు మార్పించాలని డాక్టరు చెప్పారు. ఆసుపత్రి మా ఊరికి ముప్పై కిలోమీటర్లు. మా ఊరికి బస్సు లేదు. ఆటో అతను పోను రాను ఆరు వందలన్నాడు. వారానికి పన్నెండు వందలు. నాట్లప్పుడు రైతు ఇంట్లో పైసలు ఉండవు, అన్నీ మడిలో ఉంటాయి. ఊళ్లోనే కట్టు కట్టించుకుందామంటే, సిస్టరమ్మ మూడు ఊళ్లకు ఒక్కతే. ఆమె ఉన్ననాడు గాజుగుడ్డ ఉండదు, గాజుగుడ్డ ఉన్ననాడు ఆమె ఉండదు.

రెండు వారాలు ఆటోలో తిప్పాం. మూడో వారం పక్కింటాయన ఉపాయం చెప్పాడు. "108కు చెయ్యిర్రి. పుండంటే రారేమో. ఆయాసమని చెప్పుర్రి." చదువుకున్నవాణ్ని కనుక ఫోన్ నా చేతికిచ్చారు. ఆయాసం అన్నాను. అవతలి అమ్మాయి నెమ్మదిగా అడిగింది: వయసెంత, మాట్లాడగలుగుతోందా, చెమటలు పడుతున్నాయా? పడుతున్నాయన్నాను. నాయినమ్మ అప్పుడు అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

అరగంటలోపే బండి వచ్చింది. బండిలో ఇద్దరుంటారు. నడిపేవాణ్ని పైలట్ అంటారు, వైద్యం చూసేవాళ్లను ఈ.ఎం.టి. అంటారు. ఆనాటి ఈ.ఎం.టి. ఒక అక్క. నాయినమ్మ వేలికి క్లిప్ పెట్టి చూసింది. ఆక్సిజన్ తొంభై ఎనిమిది. ఒకసారి నా మొహం చూసింది. ఏమీ అనలేదు. బండెక్కించి, దారిలోనే పాత కట్టు విప్పి, శుభ్రం చేసి, కొత్తది చుట్టి, కాగితాలు రాయడం మొదలుపెట్టింది. సగం దూరం పోయామో లేదో పైలట్‌కు ఫోన్ వచ్చింది. మాకు ఏడు కిలోమీటర్లలో ఉన్న తండాలో ఒకాయనకు కట్లపాము కరిచింది, ఎక్కడున్నారు అని. "పేషంట్ ఉంది బండిల" అన్నాడు పైలట్. ఇంకో మండలం బండిని పంపారు. ఆ మనిషి బతికాడు. కాని బండి అతన్ని చేరేసరికి గంట దాటిందనీ, పది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడనీ తర్వాత తెలిసింది.

ఆసుపత్రి దగ్గర దింపేటప్పుడు ఆ అక్క నన్ను పక్కకు పిలిచి ఇలా అంది: "తమ్ముడూ, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు. వస్తం. కాని ముందుగాల ఎవరికాడికి పోవాల్నో అక్కడ ఫోన్ కాడ కూసున్నోళ్లకు తెలవాలె గదా."

తిట్టినా బాగుండేది.

డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్నాక వరుసల సిద్ధాంతం అనే పాఠం వచ్చింది. 1909లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఆయన దీనికి పునాది వేశాడు. ఎన్ని లైన్లుంటే ఎంతమంది ఎంతసేపు ఎదురుచూడాలి అన్నది ఆయన లెక్క. ఆ పాఠం చెబుతున్నంతసేపూ నాకు టెలిఫోన్లు కనపడలేదు, తండా కనపడింది. కొంచెం ఓపిక పడితే లెక్క అందరికీ అర్థమయ్యేదే.

ఒకే బండి ఉందనుకుందాం. ఒక్కొక్క కేసుకు, బయల్దేరింది మొదలు తిరిగి స్థానానికి చేరేదాకా, సగటున రెండు గంటలు పడుతుందనుకుందాం. రోజుకు ఆరు కేసులొస్తే ఇరవై నాలుగు గంటల్లో పన్నెండు గంటలు బండి పనిలో ఉంటుంది, అంటే సగం. అప్పుడు కొత్తగా ఫోన్ చేసినవాడు బండి ఖాళీ అయ్యేదాకా సగటున ఎంతసేపు ఆగాలి? సూత్రం సులభం. పనిలో ఉన్న భాగాన్ని ఖాళీగా ఉన్న భాగంతో భాగించి, కేసు పట్టే కాలంతో గుణించాలి. సగాన్ని సగంతో భాగిస్తే ఒకటి, దాన్ని రెండుతో గుణిస్తే రెండు గంటలు. ఇప్పుడు ఆ ఆరుకు మా నాయినమ్మ వంటి కేసులు మూడు కలిశాయనుకోండి. తొమ్మిది కేసులు, పద్దెనిమిది గంటలు. ముప్పాతిక పని, పాతిక ఖాళీ. మూడు రెళ్లు ఆరు. ఎదురుచూపు ఆరు గంటలు! కేసులు ఒకటిన్నర రెట్లయితే ఎదురుచూపు మూడు రెట్లయింది. వాస్తవంలో పక్క మండలం బండి వస్తుంది కనుక ఇంత ఘోరం జరగదు. కాని ఆ బండి దూరం నుంచి రావాలి, అది వచ్చినంతసేపు దాని మండలం ఖాళీ. మా తండాలో జరిగింది సరిగ్గా అదే.

లెక్క ఇక్కడితో ఆపితే నా గదిమిత్రుడు గెలిచినట్టే. అవసరం లేని మూడు కేసులు తీసేస్తే సరిపోతుంది కదా అంటాడు. ఆ మూడు కేసులు ఎక్కడి నుంచి పుట్టాయి అన్నదే అసలు ప్రశ్న.

దీనికి 108 చరిత్ర కొంత తెలియాలి. ఈ సేవ మన దగ్గరే పుట్టింది. 2005 ఆగస్టు 15న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం స్థాపించిన ఈ.ఎం.ఆర్.ఐ. సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ప్రారంభించింది. మొదట దాత సొమ్ము. తర్వాత ప్రభుత్వం ఖర్చు పంచుకోవడం మొదలుపెట్టి, క్రమంగా నడిపే ఖర్చులో దాదాపు అంతా తానే భరించే స్థితికి వచ్చింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడినప్పుడు ఈ బండ్ల గతి ఏమవుతుందోనని అందరూ భయపడ్డారు. ఆ ఏడాదే జి.వి.కె. సంస్థ నిర్వహణ చేపట్టింది. దాత కూలిపోయినా బండి ఆగకపోవడానికి కారణం, అప్పటికే డీజిల్ పోసేది ప్రజల పన్ను కావడమే. ఉచితం, ఉచితం అంటారు గాని, అగ్గిపెట్టె కొన్న ప్రతివాడూ ఆ బండికి ఎంతోకొంత కట్టినవాడే.

కేంద్రం కూడా డబ్బిస్తుంది. జాతీయ ఆరోగ్య మిషన్ పెట్టిన నియమం ఎలా ఉందంటే, బండ్లు కొనడానికి సాయం, నడపడానికి మొదటి ఏడు 60 శాతం, రెండో ఏడు 40, ఆ తర్వాత 20. మిగతాది రాష్ట్రం చూసుకోవాలి. రైతు బిడ్డలకు ఇది బాగా తెలిసిన వ్యవహారం. ట్రాక్టర్ కొనడానికి సబ్సిడీ దొరుకుతుంది, డీజిల్‌కు దొరకదు. కొన్న రోజు కొబ్బరికాయ కొడతారు, టైరు అరిగిన రోజు ఎవరూ రారు. 2020 జులై 1న విజయవాడలో 108, 104 బండ్లు కలిపి 1,088 ఒక్కసారి జెండా ఊపి పంపారు. 2023 ఆగస్టులో హైదరాబాద్‌లో 466 బండ్లు ప్రారంభించారు. వాటిలో 108 బండ్లు 204, గర్భిణుల కోసం అమ్మఒడి బండ్లు 228, పార్థివ వాహనాలు 34. మంచి పనులే, కాదనను. కాని జీతానికి ఎవరూ జెండా ఊపరు కదా! పన్నెండు గంటల డ్యూటీ ఎనిమిది గంటలు చేయాలనీ, జీతాలు వేళకు ఇవ్వాలనీ రెండు రాష్ట్రాల్లోనూ 108 ఉద్యోగులు పలుమార్లు సమ్మె చేశారు.

ఇక ఎన్ని బండ్లుండాలి అన్నదానికి ఉన్న కొలత: లక్ష మందికి ఒక సాధారణ బండి, ఐదు లక్షల మందికి ఒక వెంటిలేటర్ బండి. ఈ కొలత తలలు లెక్కపెడుతుంది. ఆ లక్షమందికి రాత్రి పూట తెరిచి ఉండే ఆసుపత్రి ఎంత దూరం, ఊరికి బస్సుందా, కట్టు కట్టే మనిషుందా అన్నది లెక్కలోకి రాదు. ఈ మూడూ లేని లక్షమందీ, మూడూ ఉన్న లక్షమందీ ఒకే సంఖ్యలో ఫోన్ చేస్తారని ఏ స్టాటిస్టిక్స్ విద్యార్థీ ఒప్పుకోడు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. 108కు డబ్బు తగ్గితే 108 చెడిపోతుందని అందరికీ తెలుసు. 108కు డబ్బు సరిగ్గానే ఇచ్చి, మిగతా వాటికి ఇవ్వకపోయినా 108 చెడిపోతుంది. చెరువు కింద తూములన్నీ పూడిపోయి ఒక్కటే తెరిచి ఉంటే నీళ్లన్నీ దానికే వస్తాయి. ఆ తూము దగ్గర కావలి ఉన్నవాణ్ని తిట్టి లాభం లేదు, నీళ్లను తిట్టి అసలే లాభం లేదు.

ఉదాహరణకు ఆరోగ్యశ్రీ చూడండి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. పేదవాడు పెద్ద ఆపరేషన్ చేయించుకోగలడని ఎవరూ అనుకోని రోజుల్లో వచ్చిన పథకం. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే అందులో డబ్బు ఆపరేషన్ వెంట, ఆసుపత్రి మంచం వెంట నడుస్తుంది. నాయినమ్మ పుండు ముదిరి ఆపరేషన్ దాకా వస్తే సర్కారు డబ్బుంది. ముదరకుండా వారానికి రెండు కట్లు కట్టడానికి ఆ రోజు మా ఊళ్లో లేదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం, ఆరోగ్య నిధుల్లో మూడింట రెండు వంతులో అంతకు మించో ప్రాథమిక వైద్యానికి పోవాలంది. 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరాలంది. 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం అది 1.84 శాతం. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే. ఆటో ఆరు వందలన్నప్పుడు మా నాయిన తల వంచుకున్నది ఆ 39.4 లోపలే.

ఇది మన పేదరికం వల్ల వచ్చిన తంటా మాత్రమే అనుకోనక్కరలేదు. ఇంగ్లండ్ సంగతి వినండి. అక్కడ గుండెపోటు, పక్షవాతం వంటి కేసులకు అంబులెన్స్ సగటున 18 నిమిషాల్లో చేరాలని ప్రమాణం. 2022 డిసెంబరులో ఆ సగటు గంటన్నర దాటింది. బండ్లు లేకనా? కొంతవరకు అదీ ఉంది. కాని చాలా బండ్లు రోగులతో సహా ఆసుపత్రుల గుమ్మాల ముందు ఆగిపోయాయి. లోపల మంచాలు ఖాళీ లేవు. ఎందుకు లేవంటే, జబ్బు నయమైన ముసలివాళ్లను ఇంటికి పంపితే చూసుకునే ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటు స్థానిక సంస్థల బాధ్యత, వాటి నిధులు అంతకు ముందు పదేళ్లుగా కుంచించుకుపోయాయి. ఎక్కడో వృద్ధుల సంరక్షణలో కోసిన డబ్బు, ఇంకెక్కడో గుండెపోటు వచ్చినవాడి గుమ్మం ముందు ఆలస్యంగా తేలింది. ఆ నెల 21న అక్కడి అంబులెన్స్ ఉద్యోగులు సమ్మెకు దిగారు.

అమెరికాది ఇంకో వింత. అక్కడ వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, అంబులెన్స్ రోగిని ఆసుపత్రికి చేరిస్తేనే డబ్బు చెల్లిస్తుంది. ఇంటి దగ్గరే కట్టు కట్టి, ధైర్యం చెప్పి వస్తే పైసా రాదు. కూలి మోసిన బస్తాకే గాని, మోయనక్కరలేదని చెప్పినందుకు ఎవరిస్తారు? కాబట్టి మోస్తారు. ఈ పద్ధతి మార్చి చూద్దామని 2021 జనవరిలో ఒక ప్రయోగం మొదలుపెట్టి 2023 డిసెంబరుతో ఆపేశారు. జపాన్‌లో మత్సుసాకా అనే ఊళ్లో 2024 జూన్ నుంచి, అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి వచ్చినవాళ్లను చేర్చుకోనక్కరలేకపోతే 7,700 యెన్లు వసూలు చేస్తున్నారు.

మన దగ్గర కూడా అలా రుసుం పెడితే పోలేదా అని మన క్లాసులో ఒకరన్నారు. నాకు ఇష్టం లేదు. ఛాతీలో మంట వచ్చినవాడికి అది గ్యాసో గుండెపోటో ఫోన్ చేసేటప్పుడు తెలియదు. డాక్టర్లే ఇ.సి.జి. తీసి చెబుతారు. రుసుం ఉంటే మా నాయిన వంటివాడు తెల్లారేదాకా చూద్దామంటాడు. ఇలా చూద్దామని పోయినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. నాయినమ్మ వంటివాళ్లను ఆపడానికి పెట్టిన గడియ ముందు వాళ్లకే అడ్డం పడుతుంది.

సిబ్బంది మాట ఇంకొంచెం చెప్పాలి. మొన్న చాదర్‌ఘాట్‌లో చాయ్ హోటల్ ముందు బండి ఆపుకున్న ఒక పైలట్‌తో మాట కలిపాను. కష్టమైన కేసే బరువని నేననుకున్నాను. ఆయన కాదన్నాడు. ప్రాణం మీదికొచ్చిన పేషంటును క్యాజువాలిటీలో చూడగానే లోపలికి గుంజుకుంటారట. మామూలు పేషంటును దింపడమే ఆలస్యం. లోపల ఖాళీ అయ్యేదాకా ఆగాలి, తమ స్ట్రెచర్ తిరిగి చేతికొచ్చేదాకా బండి కదలదు. ఏ కేసైనా రాయాల్సిన కాగితం ఒకటే, బండి కడగడం ఒకటే, మూడో అంతస్తు నుంచి దింపడం ఒకటే. అంటే నా లెక్కలో అన్ని కేసులకూ రెండు గంటలని వేయడం తప్పు. అవసరం తక్కువున్న కేసుకే ఒక్కోసారి ఎక్కువ కాలం పడుతుంది. లెక్క నేననుకున్నదానికన్నా చెడ్డది. "తిండి టైముకు తిన్నది యాదికి లేదు తమ్మీ" అన్నాడాయన చాయ్‌లో బిస్కట్ ముంచుతూ. అంతలో ఫోన్ మోగింది. బిస్కట్ చాయ్‌లోనే ఉండిపోయింది.

తూములు తెరిస్తే ఏమవుతుందో చూపించే ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. 108లో గర్భిణుల కేసులు ఎప్పుడూ అతిపెద్ద వంతు. 2011 జూన్‌లో కేంద్రం ప్రవేశపెట్టిన జననీ శిశు సురక్ష కార్యక్రమం, కాన్పుకు తీసుకుపోవడమే గాక తల్లీబిడ్డను తిరిగి ఇంట్లో దింపడం కూడా ఉచితమంది. ఆ పనికి 102 పేరుతో వేరే చిన్న బండ్లు పెట్టారు. నెల పరీక్షకు పోయే గర్భిణికి సైరన్ అక్కరలేదు, సీటు కావాలి. ఇచ్చారు. ఆ మేరకు 108 తేలికపడుతుంది. పట్నంలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. పగటిపూట జ్వరానికి, విరేచనాలకు నడిచిపోయే దూరంలో డాక్టరున్నాడు. సాయంత్రం అవి మూసేశాక మళ్లీ అదే బస్తీకి ఒక్కటే ద్వారం మిగులుతుంది. నా చిన్నప్పుడు నెలకోసారి 104 బండి మా ఊరి చావడి దగ్గరికి వచ్చేది. అది వచ్చిన రోజుల్లో షుగర్ గోలీల కోసం ఎవరూ ముప్పై కిలోమీటర్లు పోలేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం. నాయినమ్మకూ ఉచితమే. కాకపోతే టికెట్ లేకపోవడం వేరు, బస్సే లేకపోవడం వేరు.

కట్టు మార్పించుకునేవాళ్లకు, డయాలసిస్‌కు పోయేవాళ్లకు, కంటి ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చే ముసలివాళ్లకు కూడా 102 వంటి చిన్న బండి మండలానికి ఒకటుంటే? సిస్టరమ్మ దగ్గర గాజుగుడ్డ ఎప్పుడూ ఉంటే? ఒక 108 బండికి అయ్యే ఖర్చులో ఎన్ని గాజుగుడ్డ చుట్టలు వస్తాయో లెక్క వేయడానికి స్టాటిస్టిక్స్ కూడా అక్కరలేదు. ఫోన్ చేసినవాడు "పుండు" అని నిజం చెప్పినా అతనికి దొరికేది ఒకటుందని తెలిస్తే, "ఆయాసం" అని చెప్పాల్సిన పనేముంది? అప్పుడు ఫోన్ దగ్గర కూర్చున్నవాళ్లకు కూడా ఎవరి మాట నమ్మాలో తెలుస్తుంది.

ఇవన్నీ నా గదిమిత్రుడికి చెప్పాను. వాడు విని, "అయితే నువ్వు చేసింది తప్పు కాదంటవా?" అన్నాడు. నేనలా అనలేదు. పదిహేడేళ్లవాణ్ని, చెమటలు పడుతున్నాయని చెప్పింది నా నోరే. ఆ తండా మనిషిని తర్వాత అంగట్లో చూశాను. చూసి పక్క సందులోకి తిరిగాను.

పోయిన నెల నాయిన ఫోన్ చేశాడు. నాయినమ్మ పుండు మళ్లీ పచ్చిబడిందట. "ఏం జేద్దాం బిడ్డా, 108కు జెయ్యాల్నా?" అన్నాడు. వద్దన్నాను. నా దగ్గరున్న దాంట్లోంచి ఆటోకు ఆరు వందలు పంపాను. నాలుగు రోజులకు ఇంకో ఆరు వందలు. ఈ నెల మెస్ బిల్లు ఇంకా కట్టలేదు.